పందుల కుడితిలో ఉప్పు

పందుల పేరెత్తితే ముక్కు మూసుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. దాలమ్మ సంగతి పందుల్లేకుండా చెప్పడం నావల్ల కాదు.

జంషెడ్‌పూర్ గోల్‌మురిలో కంపెనీ క్వార్టర్లు దాటి, మురిక్కాలవ మీద వేసిన చెక్క దాటితే ఒక బస్తీ వస్తుంది. ఎనభై రెండులో దాలమ్మ ఉండేది అక్కడే. టెక్కలి అవతల పల్లె నుంచి, పెళ్లయిన ఏడే మొగుడి వెంట రైలెక్కి వచ్చేసింది. మొగుడు ఆదిబాబు మేనమామ కొడుకే, అందుకని "మావా" అనే పిలిచేది. కాంట్రాక్టరు కింద ఒక చిన్న ఫౌండ్రీలో అతని పని. గొంతు మాత్రం పెద్దది. డ్యూటీ అయి సందు మొదట్లో సైకిలు దిగాడంటే, ఎవరిని పలకరిస్తున్నాడో సందు చివర ఉన్న దాలమ్మకి వినపడేది. కూరలో ఉప్పు తగ్గితే బస్తీ మొత్తానికి వినపడేది. ఉప్పు దగ్గర మహా పట్టింపు మనిషి. చెల్లెలి పెళ్లిలో పప్పు చప్పగా ఉందని విస్తరి ముందు నుంచి లేచిపోయిన ఘనుడు.

ఆ గొంతు ఒకనాడు ఆగిపోయింది. ఫౌండ్రీలో కరిగిన ఇనుము ఒలికి ఎడమ పాదం మీద పడింది. వేళ్లు పోయాయి, మడమ మిగిలింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆదిబాబు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెడితే తినేవాడు, లేకపోతే లేదు. పలకరిస్తే పలికేవాడు కాదు. ఒక మధ్యాహ్నం దాలమ్మ మెస్సులో గిన్నెలు తోమే పని ముగించుకుని వచ్చేసరికి, ఇంట్లో దూలం కింద పీట వేసి ఉంది. ఆదిబాబు దాని పక్కనే నేలమీద కూర్చుని ఉన్నాడు.  దాలమ్మ పీట తీసి మూలన పెట్టేసి, నూతిలో చేద వేసే తాడు చుట్టచుట్టి పక్కింటి జోగమ్మ దగ్గరికి పట్టుకెళ్లింది.

"ఇది నీకాడే ఉంచు వదినా. నీల్లకెల్లినప్పుడు నువ్వే అట్టుకు రా. ఆయన అడిగితే ఇయ్యకు" అంది.

జోగమ్మ తాడు అందుకుని లోపల దాచింది. బట్టలారేసే తాడు కూడా ఆ సాయంత్రమే విప్పేశారు.

పందుల ఆలోచన మాత్రం దాలమ్మదే. మెస్సులో రోజూ బాల్టీలకి బాల్టీలు కుడితి కాలవలో పోసేస్తుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. పరసూడీ సంతలో పాలు మరిచిన పిల్లల్ని అయిదింటిని తెచ్చి, ఇంటి వెనక పాత రేకులతో దొడ్డి కట్టింది. మొదట్లో ఆదిబాబు వాటివైపు కన్నెత్తి చూడలేదు. ఒకరోజు నాలుగు పిల్లలూ తొట్టికి అడ్డంపడి అయిదో బక్కదాన్ని తోసేస్తుంటే అది ఒకటే అరుపు. మంచం మీంచి ఆదిబాబు గొంతు వినపడింది.

"ఆ బక్కదానికి యేరేగా ఎట్టే. అన్నీ ఒక్క తొట్టికాడే తింటే దానికేటి మిగులుతాది?"

దాలమ్మ చేతిలో డబ్బా జారిపోయింది. ఎన్ని నెలలైందో మరి ఆ మనిషి తనంతట తాను ఒక మాట మాట్లాడి.

మర్నాడు కర్ర పట్టుకుని దొడ్డిదాకా వచ్చాడు. తర్వాత వారం తొట్టికి చెక్కలు అడ్డం పెట్టి అయిదు గదులు చేశాడు. బంగాళాదుంప తొక్కలు పచ్చివి పెట్టొద్దు, ఉడకబెట్టు అన్నాడు. తవుడు ఎంత, కుడితి ఎంత, నూనె చెక్క ఎంత అన్నీ తానే కలపడం మొదలెట్టాడు. పందులు ఒళ్లు చేస్తున్నాయో లేదో చూడాలి, తాడుంటే ఇయ్యి అని ఒకరోజు అడిగాడు. దాలమ్మ లోపలికి పోయి పాత చీర అంచు పొడుగ్గా చింపి తెచ్చి ఇచ్చింది. ఆదిబాబు ఆ పేలికనీ చూశాడు, ఆవిడ మొహాన్నీ చూశాడు, తీసుకున్నాడు. పంది ముందుకాళ్ల వెనక చుట్టూ తిప్పి, అంచు ఎక్కడికొస్తే అక్కడ ముడి. సంతరోజు వస్తే చాలు, మళ్లీ కొలిచి కొత్త ముడి వేసేవాడు. ముడి జరిగిందంటే ఆ పూట బస్తీలో ఎవరు కనిపించినా పిలిచి చూపించేవాడు. గడ్డం గీయించుకున్నాడు. చారులో ఉప్పు తక్కువైందని కేకలు కూడా వేశాడు. ఆ కేకలకి దాలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషానికే.

అలాంటిది, మే నెలలో ముడి జరగడం ఆగిపోయింది. జంషెడ్‌పూర్ ఎండ సంగతి మీకు తెలియంది కాదు. రేకుల దొడ్డి పెనంలా కాగేది. పందులు నోళ్లు తెరిచి రొప్పుతూ పడుండేవి, తొట్టిలో పెట్టింది సగం వదిలేసేవి. ఆదిబాబు మొహం మళ్లీ చిన్నబోయింది. ఓ పూట తానూ తినడం మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. దాలమ్మకి పీట గుర్తొచ్చింది.

రెండ్రోజులు ఆలోచించాడేమో, ఒక పొద్దున్న హుషారుగా లేచాడు.

"ఒలే, దీని మందు నాకు తెలుసే. ఫౌండ్రీలో సెగకి సెమట కారిపోయి మనుసులు దబ్బుమని పడిపోతే ఏటి సేసీవోరు? ఉప్పు నీల్లు పట్టించీవోరు. లేసి కూకునీవోలం. ఈటికీ అదే జబ్బు. ఒంట్లో ఉప్పు పోనాది."

"అలగైతే ఎయ్యి మావా" అంది దాలమ్మ. ఆయన లేచి నిలబడ్డాడు, అంతకన్నా ఆవిడకేం కావాలి.

పూటకి పిడికెడు గళ్లుప్పు చొప్పున ప్రతి గదిలోనూ వేశాడు. మెస్సు కుడితిలో అప్పటికే సాంబారు ఉప్పూ, ఊరగాయ అడుగులూ ఉంటాయని ఇద్దరికీ తట్టలేదు. పందులు ఆశగానే తిన్నాయి. ఆదిబాబు పిడికిలి రోజురోజుకీ పెద్దదైంది.

అదే వారంలో బస్తీ కుళాయి ఎండింది. మోటారు కాలిందన్నారు. ఇక దిక్కు మైదానం అవతల పాత నుయ్యి. నుయ్యి ఉంది గాని, దాలమ్మ తాడు జోగమ్మ దగ్గరుంది, ఇంట్లోకి తెచ్చుకోవాలంటే ఆవిడకింకా భయమే. జోగమ్మకి కుదిరినప్పుడే ఈవిడకీ నీళ్లు. రోజుకి రెండు బిందెలు. తాగడానికీ వండడానికీ పోగా పందులకి మిగిలేదేమీ లేదు. కుడితిలో నీళ్లున్నాయి కదా, అదే చాలుతుంది అనుకుంది. మూడోరోజు కుళాయి వచ్చింది. పాపం నోరులేని జీవాలు అనుకుని దాలమ్మ తొట్టినిండా పోసింది, అయిపోతే మళ్లీ పోసింది. అవి తల ఎత్తకుండా తాగాయి.

మధ్యాహ్నానికి ఒకటి గోడకి తల ఆనించి అలాగే తోస్తూ నిలబడింది. ఇంకొకటి చూపు పోయినట్టు గుండ్రంగా తిరుగుతోంది. మూడోది కుక్కలా చతికిలబడి, మెడ వెనక్కి విరుచుకుని, నురగ కక్కి కాళ్లు కొట్టుకుంది.  ఎవరో విషం పెట్టారని దాలమ్మ అనేసింది. వాసన వస్తోందని దొడ్డి గురించి జోగమ్మ గొణుగుతూ ఉండేది, ఆవిడ మీదకే పోయింది అనుమానం. ఆ జోగమ్మే ఎండలో చెప్పుల్లేకుండా లగెత్తి, కాసిడీహ్ నుంచి పశువుల కంపౌండరు మహతోని సైకిలు మీద తీసుకొచ్చింది.

మహతో పందుల్ని చూశాడు. తొట్టి అడుగున తెల్లగా పేరుకున్నది వేలితో గీకి నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. నీళ్లెప్పుడు పెట్టారని అడిగాడు. చెప్పారు. అతను తల కొట్టుకుని, ఒంట్లో ఇంత ఉప్పు పోగై నీళ్లు లేకపోతే అదే విషమనీ, ఆ మీదట ఒక్కసారిగా నీళ్లు పోస్తే మెదడు వాచిపోతుందనీ హిందీలో చెప్పాడు. బతికున్నవాటికి తడిగుడ్డ కప్పి, గుక్కెడు గుక్కెడు తాగించమన్నాడు. అప్పుడు అడిగాడు, ఇంత ఉప్పు ఎవరు వేశారని.

"ఇత్‌నా నమక్ కిస్‌నే డాలా?"

చుట్టూ బస్తీ జనం. దాలమ్మ తల తిప్పి చూసింది. ఆదిబాబు రేకు పట్టుకుని నిలబడ్డాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడంలేదు. ఇతను ఆ మాట ఒప్పుకుని లోపలికి వెళ్లాడంటే ఇక బయటికి రాడు. దాలమ్మకి అది స్పష్టంగా తెలిసిపోయింది.

"నానే" అంది. "మెస్సులో ఊరగాయ జాడీలు కడిగిన ఉప్పునీల్లు పారబొయ్యడం ఎందుకని తెచ్చి కలిపీసినాను. ఆయన ఎయ్యమన్నది సిటికెడే. తప్పంతా నాదే."

ఆదిబాబు అందుకున్నాడు.

"బుద్ధుందేటే నీకు? తిండి కలపడం నాను సూసుకుంతన్నాను గదా, నిన్నెవలు ఏలెట్టమన్నారు? బంగారం లాటి జీవాలు. సేతులారా సంపీసినావు గదే."

పాత గొంతు. సందు మొదటిదాకా వినపడే గొంతు. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు, జోగమ్మ మొహం తిప్పుకుంది. దాలమ్మ తల వంచుకుని పడింది అన్నీ. గుండెలో గుచ్చుకోలేదంటే అబద్ధం, గుచ్చుకుంది. కానీ ఇలా కేకలేసేవాడు దూలంకేసి చూడడులే అని ఆ గుచ్చుకున్నదాన్ని దిగమింగింది.

సాయంత్రానికి మూడు పోయాయి. కాలవ పక్క గొయ్యి తీసి పూడ్చారు. ఒక పెద్దదీ, ఆ బక్కదీ మిగిలాయి. దాలమ్మ గుక్కెడు గుక్కెడు తాగించి వచ్చి, పొయ్యి వెలిగించి అన్నం, టమాటా పప్పు వండింది. ఏం వండిందో ఆవిడకే స్పృహ లేదు. ఉప్పు డబ్బా వైపు చెయ్యి పోలేదు, పోలేదని కూడా తెలియదు.

ఆదిబాబుకి వడ్డించింది. తలొంచుకుని తిన్నాడు. మళ్లీ వెయ్యమన్నాడు, మళ్లీ తిన్నాడు. అప్పుడు దాలమ్మ తన కంచంలో ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు. ఒక్క రవ్వ కూడా లేదు. చప్పటి పప్పుకి విస్తరి వదిలి లేచిపోయిన మనిషి రెండుమార్లు పెట్టించుకుని తిన్నాడు, నోరు మెదపకుండా.

డబ్బా కోసం లేవబోయింది.

"కూకో" అన్నాడు ఆదిబాబు. "నాకొద్దు ఉప్పు."

దాలమ్మ కూర్చుండిపోయింది. తప్పెవరిదో అతనికి తెలుసు. మధ్యాహ్నం అంతమందిలో కేకలేసినప్పుడు కూడా తెలుసు.

"నానే ఏసినాను అనీసి సెప్పడానికి నోరు రానేదే" అన్నాడు కంచంలోకి చూస్తూ. "నువ్వు నామీద దుప్పటి కప్పీసినావు. నాను నిన్ను నలుగురిలో తిట్టీసినాను."

"నీల్లియ్యంది నానే గద మావా. ఆనక తొట్టినిండా పోసింది కూడా నానే."

"తాడింట్లో ఉంటే నీల్లుండీవి" అన్నాడు. "తాడెందుకు నేదో నాకు తెల్దేటి?"

 ఆవిడకి ఏడుపొచ్చింది. అతను చెయ్యి కడుక్కుని కర్ర అందుకున్నాడు.

"జోగమ్మనడిగి తాడట్టుకు రా. ఈ కుళాయిని నమ్ముకుంటే ఆ రెండూ కూడా దక్కవు. పొద్దున్న నూతికి నాను ఎల్తాను."

దాలమ్మ జోగమ్మ గుమ్మంలో చాలాసేపు నిలబడింది. జోగమ్మ తాడు తీసి చేతికిస్తూ, "ఇయ్యొచ్చా వదినా?" అని అడిగింది. దాలమ్మ దాన్ని తెచ్చి ఆదిబాబు చేతిలో పెట్టింది, కానీ రెండో కొస తన చేతిలోంచి వదలడం ఆవిడ తరం కాలేదు. అతను లాక్కోలేదు. వదిలేదాకా ఊరుకున్నాడు.

ఆ రాత్రి దాలమ్మ రెప్ప వెయ్యలేదు. తెలవారుతుండగా పక్కకి చూస్తే మంచం ఖాళీ. లేచి చూడడానికి ధైర్యం చాలక అలాగే పడుకుని చెవులొగ్గింది. ఎంతకీ ఏ చప్పుడూ లేదు. తర్వాత, మైదానం అవతల నూతి గిలక కిర్రుమంది. ఆగింది, చేద తోడినట్టు మళ్లీ కిర్రుమంది. అప్పుడు దాలమ్మ కళ్లు మూసుకుంది.