అప్పన్నకు వరసైన ఉష్ట్రపక్షి

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన వేసవిలో నన్ను టెక్కలి వైపు సంచార పశువైద్య వాహనంలో కాంట్రాక్టు డాక్టరుగా వేశారు. ఆ కాంట్రాక్టు ముగిసి ముప్పై మూడేళ్ల వయసుకే విశ్రాంత ఉద్యోగినయ్యాను. పింఛను లేదు గానీ విశ్రాంతికి లోటు లేదు.

ఆ ఉద్యోగంలో ఉండగా ఒక ఉదయం నౌపడ దగ్గరి పిక్నిక్ తోట నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఒకే ఒక ఉష్ట్రపక్షిని, ఆడదాన్ని, పెంచుతున్నారు. మా రికార్డులో ఆవు, గేదె, మేక, గొర్రె, కోడి తప్ప వేరే గడి లేదు. నిప్పుకోడి అన్న పేరు కూడా ఉంది కదా అని కోళ్లలో వేశాం. నిప్పు మాత్రం తినదు, తవుడు తింటుంది. నాకంటే ఎత్తు.

పక్షికి నడుము పడిపోయిందని యజమాని ఫిర్యాదు. తీరా వెళితే, దాన్ని పిల్లప్పటి నుంచి సాకిన కాపరి అప్పన్నను చూడగానే అది నేల మీద కూలబడి, రెక్కలు అల్లాడిస్తూ, మెడ వంచి ముక్కు టపటపలాడించింది. కంచె అవతల గుమిగూడిన ఊరివాళ్ల ఈలలు.

"ఒరే అప్పన్నా, నీ మరదలు పిలస్తన్నాదిరా! ఏటలా సూస్తావు?" అని పాపారావనే ఆసామి అందరికంటే గట్టిగా అరిచాడు.

అది పక్షవాతం కాదు, జత కోసం పిలుపు. మనిషి చేతిలో పెరిగిన పక్షి మనిషినే తన జాతి అనుకుంటుంది. ఇదంతా అప్పన్నకు వివరిస్తూ నేనూ నవ్వాను. అతను నవ్వలేదు. నా బూట్లకేసి చూస్తూ అన్నాడు:

"రోగం కాదని నాకూ తెలుసు బాబూ. అందరూ నవ్వుతన్నారని మా ఇంటిది కుళాయికాడికి ఎల్లడం మానీసింది. సూదేసి దీన్ని సంపీండి. పెంచినోణ్ణి, నా సేత్తో సంపలేను."

కోలుకోలేని రోగమో గాయమో ఉంటేనే ఆ ఇంజెక్షను, అదీ పై అధికారి అనుమతితో. అప్పటిదాకా నవ్విన నోటితో ఆ నిబంధన చెప్పడానికి సిగ్గేసింది. వేరే కాపరిని పెట్టమని యజమానికి చెప్పనా అంటే, అప్పుడిక ఉప్పు మడుల్లో కూలికి పోవాలన్నాడు.

పక్షి అందరితోనూ ఇలాగే ఉంటుందేమో చూడాలనిపించి, అప్పన్నను గోదాములోకి పంపి నేను కంచె లోపలికి వెళ్లాను. అది నన్ను ఎగాదిగా చూసి, కూలబడింది.

"డాక్టరు బావా, ముహూర్తం ఎప్పుడు?" అని కంచె అవతలి నుంచి ఎవరో అరిచారు.

చెవులు కాలిపోయాయి. స్టెతస్కోపు సర్దుకున్నాను, అది ఉండాల్సిన చోటే ఉంది. ఇంకొక్కరి మీద చూస్తే పరీక్ష పూర్తవుతుందని పాపారావును లోపలికి పిలిచాను. వైద్యుడి పిలుపు, పదిమంది చూస్తున్నారు, తప్పించుకోలేకపోయాడు. అతనికీ కూలబడింది. మూడోవాణ్ణి పిలుద్దామని తిరిగేసరికి కంచె దగ్గర ఒక్కడూ లేడు.

పక్షికి మనుషులు కనబడకుండా కంచెకు గోనెలు కట్టమనీ, జత కట్టే కాలం పోయేదాకా మేత బయటి నుంచే వేయమనీ రాసిచ్చాను. మరుసటి వారం అటు వెళ్లినప్పుడు అప్పన్న భార్య కుళాయి దగ్గర కనిపించింది. పాపారావు కనిపించలేదు.

వయసు, మేత, పేడ గురించి అడగడం మాకు కాలేజీలో నేర్పుతారు. పక్కన నిలబడ్డ మనిషి నేలచూపులు ఎందుకు చూస్తున్నాడో కూడా అడగాలని ఆ తోటలో నేర్చుకున్నాను. నవ్వడానికి ముందే అడగాలి.