ఏడుపు మధ్యలో సమ్మయ్య కాక

నిన్న కేసముద్రం మార్కెట్‌లో వడ్ల బస్తాల మీద నడుం వాల్చిన హమాలీ ఒకతను ఫోన్‌లో ఒగ్గుకథ వింటున్నాడు. డోలు ఆగగానే నా చెవి అలవాటుగా సమ్మయ్య కాక గొంతు కోసం వెతికింది. మా మేళంలో నేను కథ చెప్పేవాణ్ణి, ఆయన పక్కన హాస్యం చెప్పేవాడు. నేను కష్టపడి కట్టిందాన్ని కూలగొట్టడమే ఆయన పని అని చాలాకాలం విసుక్కున్నాను.

ఒకసారి మహదేవపూర్ దిక్కు ఒక ఊళ్లో, చెట్టంత కొడుకు పోయిన ఇంట్లో దినాలకు కథ చెప్పమని పిలిచారు. ఆ తల్లి కంట చుక్క రాలలేదట, మెతుకు ముట్టలేదట. "ఎట్లనన్న చేసి మా వదినెను ఏడిపియ్యుండ్రన్నా. లేకుంటే మనిషి దక్కది" అన్నాడు ఆమె మరిది. కథలో రాణి కొడుకును పోగొట్టుకునే ఘట్టం ఎత్తుకున్నాను. ఊరంతా ముక్కు చీదుతోంది. ఆమె పెదవి వణికింది. ఇక ఏడుస్తుందనగా కాక అడ్డం వచ్చాడు.

"గురువా, జర ఆగు. రాణమ్మ ఏడుపు యాడికి పోదు. నా చెప్పు కుక్క ఎత్కపోయింది."

నాకు ఒళ్లు మండింది. ఆయన కుంటుకుంటూ నేరుగా ఆమె ముందుకే పోయాడు. "అక్కా, నీ కొంగు కింద గిట్ల ఉన్నదేమో జర చూడు."

ఆమె నిజంగానే కొంగు ఎత్తి చూసింది. నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో ఎవరికీ అంతుపట్టలేదు. గుండెలు బాదుకుని ఏడ్చి, చివరికి మంచినీళ్లు అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "కావాల్ననే చేసినవా కాకా?"

"ఏం కావాల్ననిరా? చెప్పు నిజంగనే పోయింది."

చూస్తే ఒక కాలికి చెప్పు లేదు. తెలిసి చేశాడా, కుక్క చేయించిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఒకరోజు ఆయన మహాజ్ఞాని అనిపిస్తాడు, మరోరోజు వట్టి మొద్దు అనిపిస్తాడు.

పోయిన ఎండాకాలం చిల్పూర్ దగ్గర వాళ్ల ఊళ్లో, ఆయన దినాలకు నేనే కథ చెప్పాను. ఆయన చోట ఎవరినీ నిలబెట్టబుద్ధి కాలేదు. ఆయన భార్య, మా చిన్నమ్మ, నా ఎదురుగానే కూర్చుంది. అదే ఘట్టం వచ్చింది. ఆమె కళ్లు నిండాయి. అడ్డం వచ్చేవాడు లేడు కనుక నేనే ఆగాను. కాక అనేలాంటి పిచ్చిమాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను.

"ఎందుకాగినవు బిడ్డా?" అన్నది చిన్నమ్మ. "బతికినన్ని దినాలు ఆయన నన్ను ఏడ్వనియ్యలే. ఇయ్యాలన్న ఏడ్వనియ్."

కథ మళ్లీ ఎత్తుకున్నాను. అప్పటి నుంచి ఏ ఊళ్లో చెప్పినా, ఆ చోటికి రాగానే ఎదుట కూర్చున్నవాళ్ల ముఖాలు చూస్తున్నాను. ఆపాలో, సాగాలో నాకు తెలియడం లేదు.