టైరు చెప్పుల జతతో ముడిమ్యాల నుంచి సురంగల్ దాకా

ముడిమ్యాల నుంచి సురంగల్‌కు నడిచిపోవచ్చా అని ఈ మధ్య పట్నం వాళ్లు అడుగుతున్నారు. పోవచ్చు. నేను పోయాను. అరవై తొమ్మిదిలో, బస్సులు బందైన ఎండాకాలం, ఒక్కణ్ణే పోయాను. అక్షరాలు కూడబలుక్కుని రాసేవాణ్ణి కాబట్టి సొగసు వెతక్కండి. నడక సంగతి మాత్రం నాకంటే తెలిసినవాడు ఉంటే ఎదురుగా వచ్చి చెప్పమనండి.

పోవడానికి కారణం మా అక్క ఎస్తేరు. ఆమెను సురంగల్‌కు ఇచ్చారు. మా బాపు తోలు చెప్పులు కుట్టేవాడు. ఆయన పోయాక నేను తోలు వదిలేసి, పాత లారీ టైర్లు కోసి చెప్పులు చేయడం మొదలుపెట్టాను. అక్క చూసి పదిమందిలో, "బాపు చేతిపనికి రబ్బరు పూసినవ్ గద తమ్మీ," అన్నది. "నీ కాలికి నా చెప్పు ఎక్కదు పో," అన్నాను. ఆ మాట మీద ఆరేళ్లు ఆమె గడప తొక్కలేదు. ఆమె కూడా రాలేదు. ఆ ఎండాకాలం సురంగల్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక అవ్వ సంగతి చెప్పింది. బాపు కుట్టిన ఆఖరి జతను అక్క అతుకులు వేయించుకుంటూ వాడిందట, అదీ తెగిపోయిందట. వేరే చెప్పు తొడగనని అక్క వట్టి కాళ్లతో పనికి పోతుంటే తుమ్మముల్లు మడమలో విరిగి చీము పట్టిందట. "పొగరు మీ ఇద్దరిది. పోయేది ఆమె కాలు," అన్నది అవ్వ.

టైరు కోసం చేవెళ్ల పోతే అక్కడ నడిరోడ్డు మీద ఉద్యమం పోరగాళ్లు టైర్లు తగలబెట్టారు. ఒకటి సగం కాలి ఆరిపోయింది. దాన్ని ఈడ్చుకుపోతుంటే ఒకడు అడ్డం వచ్చాడు.

"ఓ అన్నా, అది జై తెలంగాణ టైరు!"

"కాలిన సగం మీది, కాలని సగం మా అక్కది."

"మీ అక్కది ఏ ఊరు?"

"సురంగల్."

"అయితే మనోళ్లే. తీస్కపో," అని నవ్వాడు.

పొడిగా ఉన్న కత్తికి రబ్బరు తెగదు. కత్తిని నీళ్లలో తడుపుతూ కోయాలి. అడుగుకు టైరు, పట్టీలకు పాత సైకిల్ ట్యూబు, పాత డబ్బా చెక్కల నుంచి పీకి వంపు తీసిన మేకులు. పైసా పెట్టి కొన్నది ఒక్కటి లేదు. కాలు ఆనే చోట రబ్బరు కనపడితే అక్క మళ్లీ మాటంటుందని, బాపు పనిముట్ల తోలు సంచిని విప్పి, కోసి, పైన పరిచి కుట్టాను. ఆ సంచిలోనే బాపు కొలత దారాలు దొరికాయి. ఆయనకు చదువు రాదు. ఒక్కొక్కరి కాలికి ఒక దారం, గుర్తుకు ముడులు. మూడు ముళ్లది అక్కది. ఆ దారం పెట్టే కోశాను. అరచేతిలో పెట్టుకుని చూస్తే నా పని నాకే ముద్దొచ్చింది.

మర్నాడు తెల్లవారుతుండగా జతను గుడ్డసంచిలో వేసుకుని బయలుదేరాను. చేవెళ్లకు గంటన్నర నడక. ఒక హోటల్ తలుపు సగం తెరిచి ఉన్నది. పదిహేను పైసలకు చాయ తాగి, బస్సు వస్తుందా అని అడిగాను. "బస్సా? అది వచ్చిననాడు నీకు పుకట్ల చాయ పోస్త," అన్నాడు పొయ్యి దగ్గరి మనిషి. ఎనిమిది కాకముందే మొయినాబాద్ రోడ్డు పట్టాను. ఆ రోడ్డును అంత ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. నా చెప్పుల చప్పుడు నాకే వినపడుతుంటే వెనక ఎవరో వస్తున్నారనుకుని రెండుసార్లు తిరిగి చూశాను. అక్కతో ఏమనాలో దారంతా పైకే అనుకుంటూ పోయాను. ఒక్క మాటా కుదరలేదు. పదకొండు గంటలప్పుడు ఉల్లిగడ్డల లారీ ఒకటి ఆగింది. మొయినాబాద్ దాకా నాలుగణాలు అడిగాడు డ్రైవరు.

"ఆ సంచిల ఏమున్నది భాయ్?"

"చెప్పులు. మా అక్కకు. ఆరేండ్లయింది మాటల్లేక."

"మాటలు లేకుంటే మాటలు తీస్కపోవాలె గని, చెప్పులెందుకు?"

మొయినాబాద్‌లో దిగి, గంటకు పైగా ఎండలో నడిచి సురంగల్ చేరాను. అక్క ఇంటి ముందు నీడలో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నది. మడమకు గుడ్డ కట్టి ఉన్నది. నన్ను చూసినా చెయ్యి ఆపలేదు.

"వచ్చినవా తమ్మీ. తిన్నవా?"

జత తీసి ముందు పెట్టాను. తిప్పి చూసింది, తోలు మీద వేలితో రాసింది.

"ఇది బాపు సంచి గదరా."

"అవు."

"కోసినవా?"

"కోసిన."

లేచి కాలు పెట్టింది. వేళ్లు దాటి ఎక్కలేదు. ఆరేళ్ల కింద నేనన్న మాటే నిజమైంది. అప్పుడు చూశాను ఆమె కాలు. నాట్ల బురదలో నిలబడి నిలబడి వెడల్పయింది, వేళ్లు విచ్చుకున్నాయి.

"బాపు దారం పెట్టే కోసిన అక్కా."

"అది నా పెండ్లినాటి కొలత. బాపు ఎప్పుడు కుట్టినా కాలు చూసి కుట్టేటోడు, దారం చూసి కాదు. ఈ ఇరవై ఏండ్లు నేనెట్లున్ననో నీ దారానికేం ఎరుక?"

నా కాళ్లవి విడిచి ఆమె ముందుకు తోశాను. తొడిగింది. సరిపోయాయి.

"ఒట్టి టైరువే అవి," అన్నాను.

"నాకు కండ్లున్నయ్," అన్నది. అన్నం పెట్టింది. పోయే ముందు ఆమెను నిలబెట్టి కొలత తీశాను. నా తల మీద చెయ్యి ఆనించి నిలబడింది. పాత దారం చాలలేదు, ఇంకో ముక్క ముడివేశాను.

తిరుగుదారిలో ఏ లారీ దొరకలేదు. మూడు గంటల ఎండకు తారు మెత్తబడింది. ఎక్కని జతను మళ్లీ సంచిలో మోసుకుంటూ, రోడ్డు పక్క గడ్డి మీద వట్టి కాళ్లతో నడిచి, చీకటి పడేసరికి చేవెళ్ల చేరి, మూసిన హోటల్ అరుగు మీద పడుకుని పొద్దున ఇల్లు పట్టాను. అరికాళ్లు బొబ్బలెక్కి వారం రోజులు పని చేయలేదు.

కొత్త కొలతకు ఇంకో జత చేసి తీసుకుపోయాను. "ముందు ఇవి అరగనియ్," అన్నది అక్క. లారీ టైరు ఎప్పుడు అరిగేను? నేను పోయిన ప్రతిసారీ అదే మాట. ఆమె పోయాక నా జత నాకే తిరిగొచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో మూడు జతలున్నాయి, మనిషిని నేనొక్కణ్ణే. ఆమెకు ఎక్కని చిన్నవీ, ఆమె తొడగని కొత్తవీ గోడకు తగిలించాను. నా పాతవి తొడుక్కుని పొద్దున రోడ్డు దాకా పోయి వస్తాను. ముల్లు దిగిన మడమ ఆనించక ఆమె ఒక పక్కకు వేసి నడిచేది, ఆ జత ఆ పక్కకే అరిగింది. నేనూ ఇప్పుడు అట్లాగే ఒరిగి నడుస్తున్నాను.

ఆ దారిన పోయేవాళ్లకు ఒక్క మాట. ఇప్పుడు బస్సులున్నాయి, ఆటోలున్నాయి, దూరం లెక్కే కాదు. ఎవరికైనా చేత్తో చెప్పులు చేసి తీసుకుపోదలిస్తే, ముందొకసారి వట్టి చేతులతో పోయి కొలత తెచ్చుకోండి. పనిచేసిన కాలు విచ్చుకునే సాయంత్రం పూట, మనిషిని నిలబెట్టి తీయాలి.