పదిహేడో తారీఖు, రెండో ఎద్దు

సెప్టెంబర్ వచ్చిందంటే నాకు ఒళ్లు మండుతుంది. జహీరాబాద్‌లో నాది ఫ్లెక్సీలు కొట్టే దుకాణం. పదిహేడో తారీఖుకు వారం ముందునుంచే పార్టీల వాళ్లు నా గడప తొక్కడం మొదలుపెడతారు. ఒకరికి అది విమోచన దినం, ఇంకొకరికి విలీన దినం. కొందరు విద్రోహ దినం అంటారు. ఒక సర్కారు దానికి సమైక్యతా దినమని పేరు పెట్టింది, తర్వాత వచ్చిన సర్కారు ప్రజాపాలన దినమంది. నేను చేసేదల్లా పోయిన ఏడాది ఫైలు తెరిచి పేరు మార్చడం, మొహాలు మార్చడం. జెండా అదే, వెనకాల కోట బొమ్మ అదే. నాయకుల మొహాలు పెట్టగా మిగిలిన జాగాలో, కింద మూలకు, అమరవీరులకు జోహార్లు అని చిన్న అక్షరాల్లో కొట్టమంటారు. ఒకసారి జాగా చాలక ఏం తీసేద్దామని అడిగితే, ఆ జోహార్ల లైను తీసెయ్యమన్నారు.

వడ్రంగులు కూడా ఆ రోజే విశ్వకర్మ జయంతి చేసుకుంటారు, వాళ్లూ ఫ్లెక్సీకి వస్తారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు తమ ఉలికీ సుత్తికీ బొట్టు పెట్టి దండం పెట్టుకుంటారు. ఎవరి చావునూ అమ్ముకోరు.

నిజాం కాలంలో మా ఊళ్లన్నీ బీదర్ జిల్లా కిందికే వచ్చేవి. తర్వాత ఆ జిల్లాను మూడు రాష్ట్రాలకు తలా కొంత పంచారు. ఇప్పుడు న్యాల్‌కల్ దాటి కర్ణాటకలో అడుగు పెడితే ఆ రోజుకు ఇంకో పేరు, మహారాష్ట్రలో అడుగు పెడితే మరో పేరు. అన్ని చోట్లా మైకులు మాత్రం ఒకే తీరుగా అరుస్తాయి. చూసినవాళ్లను అడుగుదామని ఎవరికీ తోచదు. ఒకవేళ అడిగినా, జవాబు ముందే రాసుకొని వస్తారు.

చూసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. మా నాయనమ్మ. ఆమె పుట్టిల్లు న్యాల్‌కల్ వైపు ఒక చిన్న పల్లె. అప్పటికి ఆమెకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. ఆమె ఏనాడూ తారీఖు పలకదు, మిలిట్రీ వచ్చిన ఏడు అంటుంది. నా చిన్నప్పటినుంచి ఆ ఏటి గురించి ఆమె చెప్పింది ఒక్కటే కథ, అదీ ఇంట్లోవాళ్లకే.

నాయనమ్మ వాళ్ల నాయనకు ఒకటే ఎద్దు. పక్కింటి ముసల్మాను రైతుకు ఒకటే ఎద్దు. ఒక ఎద్దుతో అరక నడవదు కాబట్టి రెండిళ్ల ఎడ్లనూ కలిపి కట్టేవాళ్లు. ఒక రోజు వీళ్ల చేను, ఒక రోజు వాళ్ల చేను. మా వైపు మెట్ట ఊళ్లలో అప్పట్లో చాలా ఇళ్లకు ఇదే పద్ధతి. ఎద్దు పొత్తు కలిసిందంటే ఆ రెండిళ్ల మధ్య కూరా చారూ కూడా అటూ ఇటూ నడుస్తాయి. నాయనమ్మ ఆయన్ని చిన్నాయన వరసన చిచ్చా అని పిలిచేది. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు ఈ చిచ్చా వీళ్ల గుమ్మంలో అడ్డంగా నిలబడి, ఇది నా పొత్తోడి ఇల్లు, ఇందులో ఏం లేదు పొమ్మన్నాడట. వాళ్లు ఆయన్ని తిట్టి వెళ్లిపోయారు.

తర్వాత తారురోడ్డు మీద మిలిట్రీ లారీలు వచ్చాయి. నిజాం దిగిపోయాడని ఊళ్లో తెలిసింది. ఆ మైకులు చెప్పే పదిహేడో తారీఖు అదే. అక్కడితో మైకుల వాళ్ల కథ అయిపోతుంది. మా నాయనమ్మ కథ అక్కడ మొదలవుతుంది. ఆ తర్వాత, పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస అమావాస్య లోపల ఒక రోజు పక్క ఊళ్లనుంచి కట్టెలూ గొడ్డళ్లూ పట్టుకొని మనుషులు వచ్చారు. ఈసారి చిచ్చా ఇంటికి. ఆయన వచ్చి వీళ్ల తలుపు కొట్టాడు. నాయనమ్మ వాళ్ల నాయన గడియ తీయలేదు. లోపల కూతురి నోరు చేత్తో మూసి కూర్చున్నాడు. చిచ్చాను చేలోకి తీసుకుపోయి చంపారు. ఆయన భార్య చంటిపిల్లాణ్ణి ఎత్తుకొని బీదర్ వైపు పుట్టింటికి పోయింది. సాయంత్రం మేతనుంచి చిచ్చా ఎద్దు ఒక్కటే వచ్చి, అలవాటు ప్రకారం వీళ్ల ఎద్దు పక్కన నిలబడింది.

"మా నాయిన రెండెడ్లనూ కట్టి తెల్లజొన్న వేసిండు," అంటుంది నాయనమ్మ. "ఆ ఏడు జొన్న మస్తుగ పండింది బిడ్డా."

ఆ మాట దగ్గర ఆపేస్తుంది. ప్రతి పెత్రమాసకు మా ఇంట్లో పెద్దల పేరున బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చేటప్పుడు ఒక పాలు ఎక్కువ ఉంటుంది. అది చిచ్చా పేరున. బియ్యం తీసుకునే అయ్యగారు ఆ పేరు విని మొదట్లో మొహం చిట్లించేవాడు. నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. ఇప్పుడాయనే ముందుగా అడుగుతాడు.

పోయిన సెప్టెంబర్‌లో ఒక పార్టీ నాయకుడు ఫ్లెక్సీకి వచ్చి, కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. మా నాయనమ్మ సంగతి ఎవరో చెప్పారట.

"అన్నా, అవ్వను స్టేజీ మీదికి తీస్కరా. ఆనాటి మనిషి. శాలువ కప్పుతం. రజాకార్ల గురించి రెండు ముక్కలు చెప్తే చాలు."

ఆమె రాదని చెప్పబోయాను. ఏటా ఎవరో ఒకరు శాలువ కప్పుతామని పిలుస్తారు, ఏటా ఆమె పొమ్మంటుంది. ఈసారి ఇంటికెళ్లి చెప్తే మాత్రం, "మైకు నా చేతికి ఇస్తరా?" అని అడిగింది.

"ఇస్తరు."

"అయితే వస్త. చిచ్చా పేరు చెప్త, మా నాయిన గడియ తీయలేదని చెప్త. నేను పోతే ఇగ చెప్పేటోళ్లు లేరు."

నాకు సంతోషమైంది, ఎందుకు దాచాలి? వీళ్ల సభలో వీళ్ల మైకులోనే ఆ పేరు వినబడాలి, ఆ మొహాలు ఎట్లా మారతాయో చూడాలి అనుకున్నాను. ఒక్క పని మాత్రం మిగిలింది. చిచ్చా మనవడు ఇక్కడే ఉంటాడు. అప్పటి చంటిపిల్లాడు పెద్దయ్యాక పని కోసం జహీరాబాద్ వచ్చాడు, ఆయన పోయాక కొడుకు చిరాగ్‌పల్లి వైపు హైవే మీద టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. పండుగలకు మా ఇంటికి సేమ్యా పంపుతాడు. ముందు అతనికి చెప్పాలని వెళ్లాను.

అతను లారీ చక్రానికి బోల్టులు బిగిస్తూ విన్నాడు. పాన పక్కన పెట్టి లేచాడు.

"వద్దు భాయ్."

"ఎందుకు వద్దు? మీ తాతది తప్పేమన్న ఉన్నదా?"

"ఉన్నదా లేదా అని అడుగుతరు గదా, అదే వద్దు. దాదీ దిల్ నాకు తెలుసు. మా అబ్బా కూడ ఎవ్వలికి చెప్పలే. మైకుల ఒకసారి పేరు వస్తే ఫోన్లల్ల తిరుగుతది. ఒకడు అయ్యో అంటడు. ఇంకొకడు, ఊకెనే చంపుతరా, ఏం చేసిండో అంటడు. రేపు పొద్దుగాల నేను షట్టర్ ఎత్తాలె. నా పిల్లలు బడికి పోవాలె."

అతని మీద కూడా కోపం వచ్చింది, అరవబోయాను. నాకేం పోతుంది, అరిచి ఇంటికి పోతాను. షట్టర్ ఎత్తాల్సింది అతను. చంపబడ్డ తాత పేరును మనవడు తప్పు చేసినవాడిలా దాచుకోవాల్సి రావడం చూసి నాకు తల పగిలిపోయింది. వచ్చి నాయనమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. లేచి, "పేరు చెప్పను తియ్. కాని పోత," అంది.

పదిహేడో తారీఖు పొద్దున జెండా ఎగరేశారు. ఎండలో గంటన్నర ఉపన్యాసాలు. నాయనమ్మకు శాలువ కప్పారు, ఫొటోలు దిగారు, మైకు ఇచ్చారు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"మా నాయినకు ఒక్కటే ఎద్దు ఉండె," అంది. "మిలిట్రీ వచ్చిన ఏడు రెండెడ్లతోని దున్నిండు. రెండోది మాది గాదు."

ఇంకో మాట కోసం నోరు తెరిచింది. నాయకుడు నవ్వుతూ మైకు అందుకున్నాడు.

"విన్నరు గదా మిత్రులారా. రైతుకు సొంతంగ రెండో ఎద్దు కూడ లేని రోజులవి. అంత పేదరికం, అంత దోపిడీ."

చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నాకు ఆ మైకు వైరు పట్టుకొని గుంజాలనిపించింది. నాయనమ్మకు చెవులు సరిగా వినబడవు. మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకొని, "సమజైందా ఆళ్లకు?" అని అడిగింది.

"కాలే," అన్నాను.

వారం తిరక్కముందే నాయకుడి మనుషులు నా దుకాణానికి వచ్చారు. శాలువతో నాయనమ్మ ఫొటో, పక్కన నాయకుడు, మీద పెద్ద అక్షరాల్లో "రెండో ఎద్దు లేని చీకటి రోజులు" అని కొట్టాలట. నేను కొట్టనన్నాను. ఇన్నేళ్లలో ఒక ఫ్లెక్సీ వెనక్కి పంపడం అదే మొదలు. ఎందుకని అడిగితే చెప్పడానికి లేదు, చెప్తే ఆ పేరు చెప్పాలి. మెషిన్ పాడైందన్నాను. వాళ్లు పక్క వీధిలో కొట్టించుకున్నారు. నేను కొట్టకపోతే ఆగిపోతుందనుకున్న నా తెలివికి నాకే చిరాకేసింది.

ఆ ఫ్లెక్సీ హైవే పక్కన కట్టారు. దాని కిందినుంచే టైర్ల దుకాణం అతను రోజూ పనికి పోతాడు. పెత్రమాస ముందు నాయనమ్మను దవాఖానకు ఆటోలో తీసుకుపోతుంటే ఆమె కంట పడింది. ఆమెకు చదువు రాదు.

"నా ఫోటో పక్కన ఏం రాసిన్రు? ఎద్దు మాట రాసిన్రా?"

"రాసిన్రు."

"అది ఎవరిదో రాయలే గదా?"

"రాయలే."

నాయనమ్మ ఊపిరి పీల్చుకొని, కొంగుతో మొహం తుడుచుకొని వెనక్కి ఒరిగింది. చనిపోయేలోపు ఒక్కసారి చెప్పాలని బతుకంతా దాచుకున్న మనిషి, అది బయటపడలేదని నెమ్మదించింది. ఆ ఒక్క ఊపిరికి నేను ఏ పార్టీనీ మాఫ్ చెయ్యను.