జీవానందం మాస్టారి చెవులు

కావలిలో జీవానందం మాస్టారిని ఎవరూ "ఎట్టుంది?" అని అడగరు. అడిగితే చెబుతారు.

నలభై ఏళ్లు చర్చిలో పాటలు నేర్పిన చెవులవి. పెళ్లికి పోతే బాకా ఎక్కడ జారిందో బ్యాండు మేళం వాళ్లకు చెప్పాకే భోజనానికి కూర్చుంటారు. ఆదివారం ప్రసంగం ముగించి పాస్టరుగారు మాస్టారికి ఎదురుపడకుండా పక్క తలుపు గుండా వెళ్లిపోతారు. ఇంట్లో కుక్కర్ కూసినా, "మూడోది కాస్త తగ్గింది మగ్దలీనా" అంటారు.

"అన్నం ఉడికింది గదా, తినండి" అంటుంది భార్య మగ్దలీనమ్మ.

అటువంటి మనిషి దగ్గరికి ఆయన తమ్ముడి కూతురు వినీల తన పాట పట్టుకుని వెళ్లింది. పాడేది వినీల, గిటారు ప్రవీణ్, డ్రమ్ములు ఉష. ముగ్గురూ కలిస్తే ఒక రాక్ బ్యాండు. ప్రవీణ్ వాళ్ల మేడ మీద గదిలో మొదటి పాట రికార్డు చేశారు. శనివారంలోగా చెన్నైలో జరిగే పోటీకి పంపాలి. విన్నవాళ్లంతా "సూపర్" అన్నారు. అందరూ ఒకే మాట అనేసరికి వినీలకు అనుమానం పట్టుకుంది.

మాస్టారు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏడుసార్లు విన్నారు. తర్వాత ముగ్గురినీ పిలిపించి కూర్చోబెట్టి కాగితం తీశారు.

"నలభై ఒకటి ఉండాయి."

"మంచి చోట్లా మాస్టారూ?" ఆశగా అడిగాడు ప్రవీణ్.

"తప్పులు. మొదట్లోనే కొబ్బరిబోండాల బండి మైకు వినపడతా ఉండాది. రెండో చరణంలో డ్రమ్ము పరిగెత్తింది. దాని వెనకాల గిటారు చెప్పులొదిలేసి పరిగెత్తింది. ఇంక పాప గొంతు..."

"నా గొంతుకేమైంది పెదనాన్నా?"

"ఏమీ కాలేదమ్మా. యాడుందో కనపడలేదు. గిటారు కింద తొక్కేసినారు."

ప్రవీణ్ మొహం మాడింది. "రాక్ అంటే అట్టనే ఉంటాది మాస్టారూ!"

"ఉండనీ నాయనా. పాప ఏం పాడతా ఉందో తెలియకూడదని రూలేమన్నా ఉందా?"

ఉష ఫక్కున నవ్వింది. పరిగెత్తిన డ్రమ్ము తనదేనని గుర్తొచ్చి ఆపేసింది.

వీధిలోకి రాగానే ప్రవీణ్, "ఆయనకి మనమంటే కుళ్లు. ఉన్నదున్నట్టు పంపేద్దాం" అన్నాడు. వినీలకూ కళ్లు మండుతున్నాయి. అయినా ఇంటికెళ్లి కాగితం పక్కన పెట్టుకుని పాట విన్నది. ఒక్కటీ అబద్ధం కాదు. బోండాలాయనే తనకంటే స్పష్టంగా ఉన్నాడు.

మర్నాడంతా ప్రవీణ్‌ను బతిమాలింది. గురువారం మధ్యాహ్నం మళ్లీ రికార్డింగు. రమ్మంటే మాస్టారు "నాకు పనుండాది" అన్నారు. ప్రవీణ్ కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆస్తి రాసిచ్చినంత బాధగా గిటారు చప్పుడు తగ్గించాడు. ఉష పరిగెత్తలేదు. చిత్రంగా, రెండు గంటలసేపు వీధిలో ఒక్క హారన్ కూడా మోగలేదు. వినీల తన గొంతు తానే మొదటిసారి విన్నట్టు విన్నది.

చెమటలు తుడుచుకుంటూ కిందికి దిగి వీధి మొదటికొచ్చారు. అక్కడ ఎండలో గొడుగు వేసుకుని, వీళ్లకు వీపు పెట్టి మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయనకెదురుగా రెండు బైకులు, హజరత్తయ్య ఆటో.

"ఇంజిన్ ఆపి తోసుకుని పో నాయనా. పిల్లలు పాడతా ఉండారు."

"ఎవురి పిల్లలు సార్?" అన్నాడు ఒక బైకతను.

"మా పిల్లలే, ముగ్గురూ."

"అంత బాగా పాడతారా?" అన్నాడు హజరత్తయ్య.

మాస్టారు గొంతు తగ్గించారు. "ఇన్నేళ్లలో ఇట్టాంటి పాట ఈ ఊళ్లో నేను వినలేదయ్యా. వాళ్లతో మాత్రం అనబాక, చెడిపోతారు."

ప్రవీణ్ నేల చూపులు చూశాడు. తర్వాత మాస్టారిని దాటి వెళ్లి, ఆటోను వెనకనుంచి తోయడం మొదలుపెట్టాడు.