మశూచి పాకలో నా చెయ్యి

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అమ్మవారు పూనడం, చెయ్యి చూసి చెప్పడం, ఇవేవీ నమ్మేదాన్ని కాదు. నమ్మే మనిషినే అయితే పసుపు నీళ్ళు చల్లుకుంటూ అన్నగారింట్లో ఒక మూల పడి ఉండేదాన్ని. మొగుడు పోయిన ఆడది నర్సు పని నేర్చుకోవడమేమిటని మా అన్నయ్య నాతో మాట మానేశాడు. అయినా పట్టుబట్టి దొరల ఆసుపత్రిలో ఆ పని నేర్చుకున్నాను. లోకంలో నాది అని చెప్పుకోవడానికి అదొక్కటే మిగిలింది.

అప్పట్లో మాది గంజాం జిల్లా. ఆ ఎండాకాలం ఉద్దానం తీరమంతా మశూచి. అక్కుపల్లి అవతల, మొగలి పొదల పక్కన ఇసకలో తాటాకు పాక వేసి రోగుల్ని అక్కడ పెట్టారు. చిన్నప్పుడే మశూచి వచ్చి పోయింది కాబట్టి నాకు మళ్ళీ రాదని నన్ను పంపారు. మొహం నిండా ఉన్న మచ్చలు మొదటిసారి నాకు పనికొచ్చాయి.

వెళ్ళిన వారానికే ఎందుకొచ్చిన గొడవరా భగవంతుడా అనిపించింది. అరిటాకు మీద పడుకోబెట్టిన మనిషిని పక్కకి తిప్పితే చర్మం ఆకుకి అంటుకుని వచ్చేసేది. ఈగలు. చీము వాసన అన్నంలో కూడా వచ్చేది. నేను కడిగిన వాళ్ళు నన్నే తిట్టేవాళ్ళు. ఇలాంటి పని కావాలని అడిగి తెచ్చుకున్నానా అని నీళ్ళ కుండల దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని.

అక్కడి బెస్త వాళ్ళకి మశూచి రోగం కాదు, అమ్మవారు ఒంట్లోకి రావడం. రోగిని పేరు పెట్టి పిలవరు, అమ్మా అంటారు. జ్వరంలో రోగి ఏం పలవరించినా అది అమ్మ మాటే. వేట పడుతుందా, పడవ తిరిగొస్తుందా అని రోగినే అడుగుతారు. నేను మాత్రం అందర్నీ పేర్లతోనే పిలిచేదాన్ని.

నూకాలు అని ఒక చిన్న పిల్ల ఉండేది. కళ్ళు వాచి మూసుకుపోయాయి. ఒకరోజు నేను దాని ఒళ్ళు తుడుస్తుంటే, వాళ్ళమ్మ ముందర, గొంతు మార్చకుండా మామూలుగా అంది: "పొద్దున్నే ఈవిడి సెయ్యి ముందల ఎవులి మీద పడితే ఆళ్ళు నాకే."

వాళ్ళమ్మ గభాల్న లేచి నాకు దణ్ణం పెట్టింది. నాకు నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్న నేను ముందుగా తుడిచిన ముసలాయన పోయాడు. ఆ మర్నాడు ఒక బాలింత. తర్వాత ఇంకొకరు. నాకేమీ వింతగా అనిపించలేదు. మరీ బాగోలేని వాళ్ళ దగ్గరికే ముందు వెళ్తాం కదా, పోయేది వాళ్ళే కదా. టెక్కలి నుంచి వచ్చే డాక్టరుగారితో చెబితే ఆయనా అదే అన్నాడు.

"రేపు ఇంటికెళ్ళబోయేవాడితో మొదలుపెట్టు. సాయంత్రానికి నువ్వే నవ్వుకుంటావు."

ఇంటికెళ్ళబోయేవాడు కామయ్య. పొక్కులన్నీ రాలిపోయాయి. లేచి తిరుగుతున్నాడు, వలల గురించి గొప్పలు చెబుతున్నాడు. వేపాకు, పసుపు వేసి తల మీద నీళ్ళు పోస్తే అమ్మవారిని సాగనంపినట్టే. అందుకని వాళ్ళమ్మ కొత్త పంచె కూడా తెచ్చింది. పొద్దున్నే వెళ్ళి అందరికన్నా ముందు అతని నాడి చూశాను. చక్కగా ఉంది. "ఏటి నర్సమ్మా, నన్నింకా ఇంటికి ఒగ్గీవా?" అని నవ్వాడు.

ఎండెక్కేసరికి, నీళ్ళు పోయించుకోడానికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఎందుకాగిందో చెప్పలేదు. తెచ్చిన పంచె ఆ తల్లి కొడుకు మీద కప్పింది.

ఆ రోజు నుంచి నేను లోపలికొస్తుంటే రోగుల మీద దుప్పట్లు కప్పేసేవాళ్ళు. దాహంతో నాలుక పిడచకట్టిన వాళ్ళు కూడా నా చేతి నీళ్ళకి నోరు తెరిచేవారు కాదు. అది నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది వేరే ఉంది. ఇంకో ముసలాయన పెళ్ళాం ఎంతకీ ప్రాణం పోక మెలికలు తిరిగిపోతోంది. ఆయన నా కాళ్ళ దగ్గర ఇసకలో కూలబడ్డాడు.

"ఓలమ్మా, నీకు పున్నెముంటాది. రేపు పొద్దుగాలే దీన్ని ఓ పాలి ముట్టుకో తల్లీ. సూడనేకపోతన్నాను."

బతికించడానికి నేర్చుకున్న పని అది. దానికోసం అన్నని వదులుకున్నాను. మర్నాడు నేను పాకలోకి వెళ్ళలేదు. ఆవిడ ఇంకా చాలా రోజులు అరిచింది. పాక బయట నాకు వినిపించేది.

ఈ పని నావల్ల కాదని డాక్టరుగారికి చెప్పాను. చదువుకున్నదానివి, సిగ్గు లేదా అని కేకలేశాడు. జ్వరంలో పిల్ల వాగిందానికి ఉద్యోగం మానేస్తావా అన్నాడు. ఆ మాటలు నాకు ధైర్యమే ఇచ్చాయి. ఉండిపోయాను.

కొన్నాళ్ళకి ఆయనకే చలిజ్వరం వచ్చింది. మశూచి కాదు, మామూలు జ్వరమే. పొద్దున్నే పాక దగ్గర ఆయన దిగిన గుడారంలోకి వెళ్ళి నాడి చూడబోయాను. ఆయన చెయ్యి దుప్పట్లోకి లాగేసుకున్నాడు.

"నీ చేతులు చల్లగా ఉంటాయి, వద్దులే," అన్నాడు.

ఆయన బతికాడు. నూకాలూ బతికింది. చూపు పోయింది కానీ బతికింది. తాను అన్న మాట దానికి గుర్తే లేదు. నేను దాన్ని ఎన్నోసార్లు ముట్టుకున్నాను, కానీ ముందుగా ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇది నాకు తర్వాతెప్పుడో తట్టింది.

పాక ఎత్తేశాక డాక్టరుగారు నన్ను ఆసుపత్రి వంటింట్లో గంజి కాచడానికి వేయించాడు. రోగుల జోలికి వెళ్ళనక్కర్లేదు, నీకూ సుఖం అన్నాడు. ఇప్పటికీ అవన్నీ ఉత్త మాటలే అంటాడు. నేనూ అలాగే అంటాను. కామయ్య ఎందుకు పోయాడో మాత్రం ఇద్దరం చెప్పలేం.

వంటింటికి పంపిన రోజు పొద్దున్న ఆయన బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటికి నేనింకా ఎవర్నీ ముట్టుకోలేదు. ఆ చెయ్యి పట్టుకోవాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను.