సీత పాట పాడిన రుక్మిణి

మొన్న ఎగ్జిబిషన్‌లో తోలుబొమ్మల ల్యాంపు కొనబోతుంటే, రంగు వేసిన మేకతోలు వాసనకు ధర్మవరం గుర్తొచ్చింది. నా బడి నేస్తాల్లారా, మీరు మరిచిపోయి ఉండరు. అరవైల్లో అనంతపురం కాలేజీ విద్యార్థులు వచ్చి, మనల్ని ఊరి చివర బొమ్మలాటవాళ్ల గుడిసెలకు తీసుకెళ్లేవాళ్లు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే ఆ వలస కుటుంబాలతో కూర్చుని, కొబ్బరి చిప్పల్లో కలిపిన రంగులు బొమ్మలకు అద్దేవాళ్లం.

వాళ్లలో రుక్మిణి అనే పిల్లది మన వయసే. అందరం కలిసి బడి ఆవరణలో బొమ్మలాట ఆడిన రోజు, తెర వెనక సీత పాట ఆమే పాడింది. మా అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆట అయ్యాక రుక్మిణి, "నాయనా, నేనూ ఈడనే చదువుకుంటా" అంది.

"ఈ ఊర్లు తిరిగి వచ్చినాంక చేరుదువులేమ్మా" అన్నాడాయన.

బండి కట్టుకుని మడకశిర వైపు వెళ్లారు. అక్కడ అమ్మవారు పోసి రుక్మిణి చనిపోయిందని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడు ఆమె నాయన మళ్లీ మన బడిలో ఆట ఆడాడు. సీత వంతు రాగానే తెర వెనక చప్పుడు ఆగిపోయింది.

"పాడప్పా" అన్నారెవరో మెల్లగా.

ఆయన తన బొంగురు గొంతుతోనే ఆ పాట ఎత్తుకున్నాడు. మనలో ఒక్కరూ నవ్వలేదు.